ఎర వెనుక గాలం

చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చున్న మనిషిని మీరు ఎప్పుడైనా గమనించారా? అతడు నీటిలోకి దూకడు. చేపను వెంటాడడు. ఒక వానపామును ముల్లుకు గుచ్చి నీటిలోకి వదిలి, బెండు వైపు చూస్తూ ఓపికగా కూర్చుంటాడు. మిగిలిన పనంతా చేపే చేస్తుంది. తానే వస్తుంది, తానే నోరు తెరుస్తుంది, తానే మింగుతుంది. పాపం, దానికి కనిపించేది ఎర మాత్రమే. ఎర లోపల వున్న ముల్లు కనిపించదు.

మన ఇళ్ళలోని సెల్‌ఫోన్లలోకి కూడా రోజూ ఇలాంటి గాలాలు వచ్చి పడుతున్నాయి. "మీ ఖాతా మూసివేయబడుతుంది", "మీకు బహుమతి వచ్చింది", "మీ స్కాలర్‌షిప్ మంజూరయింది, ఈ లింకు నొక్కండి" – ఇవన్నీ ఎరలే. ఇలా ఎర చూపి మన రహస్యాలను మన చేతనే చెప్పించుకునే మోసానికి 'ఫిషింగ్' అని పేరు.

ఇంగ్లీషులో చేపలు పట్టడాన్ని ఫిషింగ్ అంటారని మీకు తెలుసు. ఆ మాటలోని మొదటి అక్షరం 'ఎఫ్' తీసేసి, దాని స్థానంలో 'పీ', 'హెచ్' అనే రెండక్షరాలు పెట్టారు. పలకడంలో తేడా లేదు. 1990 దశకం నడుమ అమెరికాలో 'అమెరికా ఆన్‌లైన్' అనే సంస్థ ద్వారా లక్షలాది మంది ఇంటర్నెట్ వాడేవారు. కొందరు మోసగాళ్ళు ఆ సంస్థ ఉద్యోగులమని చెప్పుకుని, "మీ ఖాతాను సరిచూడాలి, పాస్‌వర్డ్ చెప్పండి" అని సందేశాలు పంపారు. నమ్మినవాళ్ళు చెప్పేశారు. ఫిషింగ్ అనే మాట అప్పుడే పుట్టింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ మోసగాళ్ళు తాళం పగలగొట్టలేదు. తాళంచెవి అడిగి పుచ్చుకున్నారు. ఈనాటికీ ఫిషింగ్ కిటుకు ఇదే.

సైన్సు మాస్టారు కూడా చేపే!

ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు జరిగిన సంగతే. 2022లో ఒక సాయంకాలం, స్లిప్ టెస్టు కాగితాలు దిద్దుతూ వున్నాను. ఫోనుకు ఒక సందేశం వచ్చింది. క్రితం నెల కరెంటు బిల్లు నమోదు కాలేదట. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు తీసేస్తారట. వెంటనే ఫలానా నంబరుకు ఫోను చేయాలట. బిల్లు నేను కట్టినట్టే గుర్తు. కానీ మా అమ్మకు ఉబ్బసం. రాత్రి ఫాను లేకపోతే ఆవిడకు ఊపిరాడదు. నాకు అదొక్కటే కళ్ళ ముందు మెదిలింది. ఫోను చేశాను.

అవతలి మనిషి ఎంతో మర్యాదగా, "కంగారు పడకండి సార్, పది రూపాయలు కడితే మీ బిల్లు నమోదయిపోతుంది" అన్నాడు. ఒక యాప్ వేసుకోమన్నాడు. వేసుకున్నాను. అది నా ఫోను తెర మీద కనిపించేదంతా అతడికి చూపించే యాప్ అని నాకు తెలియదు. పది రూపాయల కోసం కార్డు నంబరు కొట్టాను. ఓటీపీ వచ్చింది. దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కరలేదు, అతడు చూస్తూనే వున్నాడు. రెండు నిమిషాలలో 18,400 రూపాయలు పోయాయి.

ఇంతకంటే పెద్ద పొరబాటు ఆ తరువాత చేశాను. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా సైన్సు చెప్పే మాస్టారు ఇలా మోసపోయాడంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను. చివరికి ఫిర్యాదు చేసే సరికి ఆ డబ్బు ఎన్నో ఖాతాలు దాటి వెళ్ళిపోయింది.

నాకు తెలివి లేక మోసపోయానా? ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఒక పెన్ను, ఒక రబ్బరు కలిపి 11 రూపాయలు. రబ్బరు కంటే పెన్ను 10 రూపాయలు ఎక్కువ. రబ్బరు ధర ఎంత? మీలో చాలామందికి వెంటనే "ఒక రూపాయి" అని తోచి వుంటుంది. కాని అది తప్పు. రబ్బరు 50 పైసలు, పెన్ను 10 రూపాయల 50 పైసలు.

మన మనస్సు రెండు తీరులుగా ఆలోచిస్తుందని, ఒకటి వేగంగా, రెండవది నిదానంగా అని, మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు డేనియల్ కానెమన్ వివరించారు. ఆయన 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. పాము కనిపిస్తే వెనక్కు దూకడానికి వేగమే కావాలి. లెక్క చేయడానికి నిదానం కావాలి. మోసగాడి ఉపాయమల్లా ఆ నిదానపు ఆలోచనకు వ్యవధి ఇవ్వకపోవడమే. అందుకే చాలా గాలాలకు ఒక గడువు వుంటుంది: "ఈ రాత్రికే", "పది నిమిషాలలో", "చివరి అవకాశం". ఎర భయం కావచ్చు, ఆశ కావచ్చు, జాలి కావచ్చు. గడువు మాత్రం చాలాసార్లు వుంటుంది. కనుక ఏ సందేశమైనా మిమ్మల్ని తొందరపెడితే, ఆ తొందరే మొదటి ఆనవాలు అనుకోండి.

ఒకప్పుడు ఇలాంటి సందేశాలు తప్పుల తడకగా వుండేవి. భాష చూసి పట్టేసేవాళ్ళం. నేడు కృత్రిమ మేధ సహాయంతో చక్కని తెలుగులో రాయిస్తున్నారు. తెలిసినవారి గొంతును అనుకరించి మాట్లాడిస్తున్నారు కూడా. కనుక తప్పులు లేనంత మాత్రాన సందేశం నిజమైనదని అనుకోరాదు.

కవరు మీది పేరు

"బ్యాంకు పేరుతోనే వచ్చింది కదా!" అని మీరు అడగవచ్చు. పోస్టులో వచ్చే కవరు మీద పంపినవారి పేరు ఎవరు రాస్తారు? పంపినవారే. మీ మిత్రుడి పేరు రాసి ఇంకొకరు ఉత్తరం పంపితే పోస్టుమాను కనిపెట్టగలడా? ఈ-మెయిలు కూడా అంతే. ఉత్తరాలను ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు చేరవేసే నియమాలను 1982లో రాశారు. అప్పుడు వాడేవారు కొద్దిమందే. ఒకరినొకరు నమ్మేవారు. అందుచేత, పేరు నిజమా కాదా అని పరీక్షించే ఏర్పాటు ఆ నియమాలలో లేదు. ఆ తరువాత కొన్ని పరీక్షలు చేర్చారు కాని, పైకి కనిపించే పేరును నమ్మడానికి ఇప్పటికీ వీలులేదు.

చిరునామాను ఏ వైపు నుంచి చదవాలి?

పేరు నమ్మరానిదైతే, లింకులో వుండే చిరునామాను చూడాలి. కాని దాన్ని సరైన వైపు నుంచి చదవాలి.

పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవారు చిరునామాను కింది నుంచి చదువుతారు. ముందు పిన్‌కోడు. మన దేశంలో ఇది 1972 ఆగస్టు 15న మొదలయింది. మొదటి అంకె 5 అయితే ఉత్తరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు వెళ్ళాలి. తరువాత జిల్లా, ఆపైన వూరు, వీధి. మనిషి పేరు అన్నిటికంటె చివర చూస్తారు.

ఇంటర్నెట్ చిరునామాల పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించారు. అందులో కూడా పెద్ద భాగం చివరనే, అంటే కుడి వైపునే వుంటుంది. కనుక చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఏటవాలు గీత వుంటే, మొదటి ఒంటి గీత వరకే చూడాలి. దాని తరువాత వచ్చేది యజమానిని తెలపదు.

అసలు చిరునామాలు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలలో వుంటాయి. సులువు కోసం ఒక ఊహా చిరునామాను తెలుగులో రాస్తాను:

మాబ్యాంకు.బ్యాంక్.ఇన్

కుడి నుంచి చదవండి. 'ఇన్' అంటే ఇండియా. దాని ముందు 'బ్యాంక్'. దాని ముందు 'మాబ్యాంకు'. అంటే ఇండియాలో, బ్యాంకులకు కేటాయించిన పేటలో, మాబ్యాంకు అనే ఇల్లు. ఇప్పుడు ఇది చూడండి:

మాబ్యాంకు.బ్యాంక్.ఇన్.బహుమతి.కామ్

ఎడమ నుంచి చదివితే బ్యాంకులాగే వుంది. కుడి నుంచి చదివితే? 'బహుమతి.కామ్' అనే వాడి ఇల్లు. మిగిలినదంతా వాడు తన గోడ మీద రాసుకున్న రాత. గుడిసె మీద 'కలెక్టరు బంగళా' అని బోర్డు పెట్టుకుంటే అది కలెక్టరు బంగళా అవుతుందా? 'మాబ్యాంకు-కేవైసీ.కామ్' అనేది కూడా బ్యాంకు కాదు. నడుమ చిన్న గీత చేరితే అది పూర్తిగా వేరే పేరు.

బ్యాంకుల పేటను గురించి మన రాష్ట్రాల పిల్లలు తెలుసుకోదగిన విశేషం ఒకటి వుంది. 'బ్యాంక్.ఇన్' అనే చివరి భాగాన్ని బ్యాంకులకు మాత్రమే కేటాయిస్తున్నట్టు రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపల ఆ పేటకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లను నమోదుచేసే పని హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థది. అలాగే 'గవ్.ఇన్' అనేది ప్రభుత్వానికి మాత్రమే చెందినది. మోసగాడు తన గోడ మీద ఏమైనా రాసుకోగలడు కాని, ఈ పేటలలో ఇల్లు కట్టలేడు.

చేసి చూడండి: పొడవాటి కాగితం ముక్క మీద ఒక చిరునామా రాయండి. చుక్క వున్న ప్రతిచోటా కత్తిరించండి. ముక్కలను కుడి చివర నుంచి ఒక్కొక్కటే తీస్తూ, "ఇది ఎవరి ఇల్లు?" అని మీ మిత్రుడిని అడగండి.

అక్షరాల గారడి

కన్ను మోసపోయే చోటు ఇంకొకటి వుంది. మన తెలుగులో ప, వ అక్షరాలనూ, మ, య అక్షరాలనూ తొందరలో చదివితే పొరబడతాము. ఇంగ్లీషులో 'ఎల్' అక్షరం బదులు 1 అంకె, 'ఓ' బదులు సున్న పెడితే చటుక్కున గుర్తించలేము. 'ఆర్', 'ఎన్' అక్షరాలను ఆనించి రాస్తే 'ఎమ్' లాగా కనిపిస్తుంది. రష్యను లిపిలోని కొన్ని అక్షరాలు ఇంగ్లీషు అక్షరాలను అచ్చు గుద్దినట్టు వుంటాయి. 2017లో ఒక పరిశోధకుడు ఆ లిపి అక్షరాలతో 'ఆపిల్' సంస్థ చిరునామా వంటిదాన్ని తయారుచేసి చూపించాడు. కొన్ని బ్రౌజర్లలో దానికీ అసలు దానికీ కంటికి తేడా తెలియలేదు.

మరి చిరునామా పక్కన తాళం బొమ్మ వుంటే? ఆ బొమ్మకు అర్థం, మీరు పంపే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతలి చివర వున్నవాడు మంచివాడని కాదు. దొంగకు పంపే ఉత్తరానికి లక్క ముద్ర వేస్తే అది భద్రంగా దొంగకే చేరుతుంది! ప్రజలు ఈ బొమ్మను తప్పుగా అర్థం చేసుకుంటున్నారని గూగుల్ సంస్థ 2023లో తన క్రోమ్ బ్రౌజరులో దాన్ని తీసివేసి, వేరే గుర్తు పెట్టింది.

ఇన్ని గారడీలను కంటితో పట్టడం కష్టమే. కనుక అన్నిటికంటె సులువైన దారి, వచ్చిన లింకును నొక్కకపోవడం. బ్యాంకుతో పని వుంటే బ్యాంకు యాప్‌ను మీరే తెరవండి. ఫోను చేయాలంటే పాస్‌బుక్కు మీదో, కార్డు వెనుకో వున్న నంబరుకు చేయండి. వెదికితే దొరికిన నంబరు కూడా మోసగాడు పెట్టినదే కావచ్చు.

తూము ఎటు తెరుచుకుంటుంది?

దొంగ సైటులో మీరు పాస్‌వర్డ్ కొట్టారనుకోండి. మోసగాడు ఆ క్షణంలోనే దాన్ని అసలు బ్యాంకు సైటులో కొడతాడు. అసలు బ్యాంకు మీకు ఓటీపీ పంపుతుంది. ఆ సందేశం నిజమైనదే! అందుకే మనకు నమ్మకం కుదిరి, ఓటీపీని కూడా దొంగ సైటులో కొట్టేస్తాము. కనుక ఓటీపీ వచ్చినప్పుడు అంకెలు మాత్రమే కాదు, అది దేనికోసం వచ్చిందో, ఎంత మొత్తానికి వచ్చిందో పూర్తిగా చదవాలి.

యూపీఐ విషయంలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఇంకా సులువు. వాననీరు చెరువులోకి రావడానికి తూము తెరవనక్కరలేదు. తూము తెరిచేది నీరు బయటికి పోవడానికే. యూపీఐ పిన్ మన ఖాతాకు తూము వంటిది. సాధారణంగా డబ్బు పంపేటప్పుడూ, నిల్వ చూసుకునేటప్పుడూ దాన్ని కొడతాము. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కరలేదు. "ఈ క్యూఆర్ కోడును స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బు వస్తుంది" అని ఎవరైనా అంటే, వారు మీ తూము తెరిపిస్తున్నారన్నమాట.

వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అనో, బండి చలానా అనో వచ్చే ఫైలు పేరు చివర 'ఏపీకే' అని వుంటే దాన్ని తాకవద్దు. శుభలేఖ ఒక బొమ్మ. ఏపీకే బొమ్మ కాదు, ఫోనులో కాపురం పెట్టే ఒక యాప్. అది మీకు వచ్చే ఓటీపీలను చదివి మోసగాడికి చేరవేయగలదు. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా సరే, ముందు వారికి ఫోను చేసి అడగండి. వారి ఫోను అప్పటికే మోసగాడి చేతిలో వుండవచ్చు.

పెద్ద చేపలు, పెద్ద ఎరలు

జెల్లకు వానపాము ఎర. కొర్రమీనుకు కప్పపిల్ల. చేపను బట్టి ఎర మారుతుంది. ఒక వ్యక్తిని గురించి ముందే తెలుసుకుని, అతడికి తగిన ఎర వేయడాన్ని 'స్పియర్ ఫిషింగ్' అంటారు. స్పియర్ అంటే ఈటె.

2011లో ఆర్ఎస్ఏ అనే సంస్థలోని కొందరు ఉద్యోగులకు, ఆ సంవత్సరపు ఉద్యోగ నియామకాల ప్రణాళిక అంటూ ఒక మెయిలు వచ్చింది. కంప్యూటరు దాన్ని చెత్తబుట్టలో వేసింది కూడా. ఒక ఉద్యోగి దాన్ని బయటికి తీసి తెరిచాడు. దొంగలు లోపలికి వచ్చారు. ఆ సంస్థ చేసే వ్యాపారం ఏమిటో తెలుసా? కంప్యూటర్లకు రక్షణ కల్పించడం! 2013 నుంచి 2015 వరకు లిథువేనియా దేశస్థుడొకడు ఒక ప్రసిద్ధ తయారీ సంస్థ పేరుతోనే వేరే దేశంలో ఒక సంస్థను నమోదుచేసి, దొంగ బిల్లులు పంపి, గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుంచే పది కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో అతడికి అమెరికా న్యాయస్థానం అయిదేళ్ళ జైలుశిక్ష వేసింది.

మోసపోయినవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళు కారని దీనివల్ల తెలుస్తోంది కదా!

మోసపోని తాళంచెవి

మనిషి కన్ను పొరబడుతుంది కనుక, చిరునామాను పోల్చే పనిని శాస్త్రజ్ఞులు యంత్రానికి అప్పగించారు. 'పాస్‌కీ' అనే కొత్తరకం తాళంచెవి అలాంటిదే. ఇందులో పాస్‌వర్డ్ వుండదు. మీ ఫోనులో ఒక రహస్య సంఖ్య, అసలు సైటు వద్ద దానికి జతయిన మరొక సంఖ్య వుంటాయి. ఫోను ముందుగా సైటు చిరునామాను అక్షరం అక్షరం సరిచూస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా తాళంచెవి కదలదు. భయపెట్టినా, బతిమాలినా దానికి తొందర వుండదు! 2017 మొదటి నుంచి గూగుల్ తన ఉద్యోగులందరికీ ఈ సూత్రం మీద పనిచేసే చిన్న పరికరాలను ఇచ్చింది. అప్పటినుంచి 85,000కు పైగా వున్న తన ఉద్యోగులలో ఒక్కరి ఖాతా కూడా ఫిషింగుకు చిక్కలేదని 2018లో తెలిపింది.

పొరబాటు జరిగితే?

మా వీధిలోనే వుండే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ఆదివారం ఉదయం ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. స్కాలర్‌షిప్ అన్న సందేశం నమ్మి, వాళ్ళమ్మ ఫోనులో కార్డు నంబరు, ఓటీపీ కొట్టేసిందట. 6,000 రూపాయలు పోయాయి. "నాన్న చంపేస్తారు సార్, ఇంట్లో చెప్పలేదు" అంది.

"ఎంతసేపయింది?" అని అడిగాను.

"ఇరవై నిమిషాలయింది సార్."

"నాకు రెండు రోజులు పట్టిందమ్మా. నువ్వే నయం. పద" అన్నాను.

వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళమ్మ ఫోను నుంచే 1930కి ఫోను చేశాము. సైబర్ మోసాల ఫిర్యాదులకు దేశమంతటికీ ఒకటే నంబరు ఇది. తరువాత బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించాము. దొంగిలించిన డబ్బు ఒకచోట నిలవదు. ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు దూకుతూ పోతుంది. 1930కి చెప్పగానే ఆ వివరాలు బ్యాంకులకు అందుతాయి. డబ్బు అప్పటికి ఎక్కడ వుంటే అక్కడ ఆపుతారు. ఆ అమ్మాయి డబ్బు రెండో ఖాతాలో ఆగింది. కొన్ని వారాలకు తిరిగి వచ్చింది. వాళ్ళ నాన్న ఆమెను ఏమీ అనలేదు. నా కథ ఆయనకు ముందే చెప్పాను.

మీకు అలా జరిగితే సందేశాలను చెరిపివేయకండి. అవే సాక్ష్యాలు. డబ్బు కదిలినట్టు తెలిపే సందేశంలోని నంబరు రాసిపెట్టుకోండి. పాస్‌వర్డ్ చెప్పేసి వుంటే వేరే ఫోను నుంచి వెంటనే మార్చండి. తెలియని యాప్ వేసుకుని వుంటే ముందు ఫోనుకు ఇంటర్నెట్ ఆపండి. అన్నిటికంటె ముందు, ఇంట్లో పెద్దవారికి చెప్పండి. తొందర మోసగాడికి మొదటి స్నేహితుడు, మన సిగ్గు రెండో స్నేహితుడు. సందేశం వచ్చినప్పుడు నిదానించాలి. పొరబాటు జరిగినప్పుడు మాత్రం నిదానించరాదు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో ఒక ప్రశ్న అడగండి: "డబ్బు రావడానికి పిన్ కొట్టాలా?" ఎవరైనా "కొట్టాలేమో" అంటే, వారికి చెరువు తూము సంగతి చెప్పండి. మీ తాతయ్యకు, మామ్మకు తప్పకుండా చెప్పండి. మోసపోతే ఎవరూ కోప్పడరని కూడా చెప్పండి.